ఆన్‌లైన్ గ్రూపులో కొత్తవాళ్లు ఎలా అడగాలి, పాతవాళ్లు ఎలా చెప్పాలి

ఈ ప్రశ్న నాకు రెండు వైపుల నుంచీ వస్తూనే ఉంది. ఏదో ఒక ఆన్‌లైన్ గ్రూపులో కొత్తగా చేరినవాళ్లు "ప్రశ్న పెట్టాను, ఒక్కరూ పలకలేదు" అనో, "అడిగిన పాపానికి అందరూ మీద పడ్డారు" అనో రాస్తారు. అదే గ్రూపులో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు "రోజూ అదే ప్రశ్న, విసుక్కోకుండా ఎలా చెప్పాలి?" అని అడుగుతారు. ఇద్దరికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను. మీరు ఏ వైపువారైనా రెండు భాగాలూ చదవండి. అవతలివాళ్లకు ఎక్కడ మండుతుందో తెలిస్తే సగం గొడవలు మొదలే కావు.

మొక్కల గ్రూపును ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఫోన్లు, కోడింగ్, ఫోటోగ్రఫీ, పోటీ పరీక్షలు, ఏ గ్రూపైనా పద్ధతి ఇదే.

ముందుగా కావలసినవి

కొత్తవారికి:
- గ్రూపు రూల్స్, పైన పిన్ చేసి ఉన్న మెసేజ్. రెండూ పూర్తిగా చదివి ఉండాలి.
- మీ సమస్యకు సంబంధించిన వివరాలు, స్పష్టంగా ఉన్న ఫోటోలు లేదా స్క్రీన్‌షాట్లు.
- ఒక రోజు ఆగగలిగే ఓపిక.

పాతవారికి:
- తరచూ వచ్చే ప్రశ్నలకు జవాబులు, లింకులు రాసిపెట్టుకున్న ఒక నోట్. ఫోన్‌లోనే ఉంచుకోండి.
- విసుగ్గా ఉన్నప్పుడు జవాబు రాయకుండా ఉండే నిగ్రహం.

కొత్తగా చేరినవారికి

1. చేరగానే రాయకండి, చదవండి.
ఇంటర్నెట్ మర్యాదల మీద 1995 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే పత్రం వచ్చింది. గ్రూపులో ఏదైనా రాసే ముందు ఒకటి రెండు నెలలు ఊరికే చదవమని అందులో సలహా ఉంది. ఇప్పుడు అంతకాలం అక్కర్లేదు. వారం చాలు. తొందర ఉంటే ఒక గంట కూర్చుని పాత సంభాషణలు పైకి జరుపుకుంటూ చదవండి.

చదివేటప్పుడు ఎలాంటి ప్రశ్నలకు వెంటనే జవాబులు వస్తున్నాయో, ఎలాంటివి అలాగే ఉండిపోతున్నాయో గమనించండి. ఎవరు చెబితే మిగతావాళ్లు ఒప్పుకుంటున్నారో చూడండి. వాళ్లు ఒకరినొకరు "గారు" అనుకుంటున్నారా, పేరు పెట్టి పిలుచుకుంటున్నారా, తెలుగు లిపిలో రాస్తున్నారా, ఇంగ్లిష్ అక్షరాల్లోనా అన్నది కూడా తెలుస్తుంది. తేల్చుకోలేకపోతే "మీరు", "గారు" వాడండి. అవతలి మనిషి వయసు మీకు తెలియదు. మర్యాద ఎక్కువైందని ఎవరూ తప్పుపట్టరు. మొదటి రోజే "బ్రో" అంటే మాత్రం కొందరికి నచ్చదు.

2. మీ ప్రశ్న ఇంతకుముందు వచ్చిందేమో వెతకండి.
గ్రూపు సెర్చ్‌లో మీ వాక్యం మొత్తం కాకుండా రెండు మాటలు కొట్టండి. "పసుపు ఆకులు" అని వెతికితే దొరికేది, "నా గులాబీ ఆకులు ఎందుకు ఇలా అవుతున్నాయి" అంటే దొరకదు. దొరకకపోతే వేరే మాటతో ఇంకోసారి ప్రయత్నించండి.

గమనిక: వాట్సాప్ గ్రూపుల్లో మీరు చేరక ముందు సాగిన సంభాషణ మామూలుగా మీకు కనిపించదు. అక్కడ మీరు వెతకలేదని తప్పుపట్టడానికి లేదు. టెలిగ్రామ్‌లో పాత మెసేజ్‌లు కొత్తవారికి చూపాలా వద్దా అన్నది అడ్మిన్ చేతిలో ఉంటుంది. కనిపించకపోతే ప్రశ్నలోనే ఆ మాట చెప్పండి: "నిన్ననే చేరాను, పాత మెసేజ్‌లు కనిపించడం లేదు. దీని గురించి ఇంతకుముందు మాట్లాడుకుని ఉంటే దయచేసి చెప్పండి." ఈ ఒక్క మాట చాలా విసుగును ఆపుతుంది.

3. పరిచయం అడిగితేనే, రెండు మూడు వాక్యాల్లో.
మీ పేరు, ఈ విషయంలో మీకు ఎంత పరిచయం ఉంది, ఎందుకు చేరారు. అంతే. ఇంటి చిరునామా, ఆఫీసు వివరాలు, పిల్లల ఫోటోలు వద్దు. పరిచయం చేసుకునే అలవాటు లేని గ్రూపులో నేరుగా ప్రశ్నకే వెళ్లండి.

4. ప్రశ్నను జవాబు చెప్పడానికి వీలుగా రాయండి.
అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. జవాబు రాని ప్రశ్నల్లో చాలావాటికి కారణం పొగరో పక్షపాతమో కాదు. చదివినవాళ్లకు ఏం చెప్పాలో తోచలేదు, అంతే.

ఇలా రాయకండి:

"అందరికీ నమస్కారం. ఎవరైనా గులాబీల గురించి తెలిసినవాళ్లు ఉన్నారా? అర్జెంట్."

దీనికి "ఉన్నాను" అని ఎవరూ అనరు. అన్నవాళ్లు తర్వాత మీరు ఏం అడిగినా జవాబు చెబుతామని ముందే మాట ఇచ్చినట్టవుతుంది. తెలిసినవాళ్లు ఉన్నారా అని అడగడం మానేసి, నేరుగా విషయం పెట్టండి.

ఇలా రాయండి:

"నమస్కారం అండి. కుండీలో గులాబీ మొక్క, కొని మూడు నెలలైంది. రెండు వారాల నుంచి కింది ఆకులు పసుపురంగులోకి మారి రాలిపోతున్నాయి, పై చిగుళ్లు బాగానే ఉన్నాయి. రోజూ ఉదయం నీళ్లు పోస్తున్నాను. ఎండ నాలుగైదు గంటలు తగులుతుంది. కుండీకి అడుగున రంధ్రం ఉంది. ఎరువు ఇంతవరకు వేయలేదు. మొక్క మొత్తం ఒక ఫోటో, ఆకు దగ్గర నుంచి ఒక ఫోటో పెడుతున్నాను. నీళ్లు తగ్గించాలా, ఎరువు వేయాలా?"

దీనిలో ప్రతి వాక్యం పనికొస్తుంది. కింది పాత ఆకులు ముందు పసుపైతే నత్రజని తక్కువైందేమో అని అనుమానిస్తారు. కొత్త ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదేమో అనుకుంటారు. నీళ్లు ఎక్కువైనా ఆకులు పసుపవుతాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు మొదట "ఏ ఆకులు? నీళ్లు ఎలా పోస్తున్నారు?" అనే అడుగుతారు. అవి మీరే ముందుగా చెబితే మొదటి జవాబే అసలు జవాబు అవుతుంది.

ఏ గ్రూపులోనైనా ప్రశ్నలో నాలుగు సంగతులు ఉండాలి: ఏం జరుగుతోంది, ఎప్పటి నుంచి, ఇంతవరకు మీరు ఏం చేసి చూశారు, ఇప్పుడు మీకు ఏం కావాలి. ఫోన్ గ్రూపైతే మోడల్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ చేర్చండి. కోడింగ్ గ్రూపైతే ఎర్రర్ మెసేజ్‌ను ఉన్నది ఉన్నట్టు అక్షరాల్లో పెట్టండి. ఎర్రర్‌ను ఫోటో తీసి పెడితే కాపీ చేసుకోవడానికి, వెతకడానికి వీలు ఉండదు.

హెచ్చరిక: మీకు తోచిన పరిష్కారం గురించి మాత్రమే అడిగి అసలు సమస్యను దాచకండి. "మొక్కకు ఇనుము మందు ఎంత వేయాలి?" అని అడిగితే ఎవరో ఒకరు కొలత చెప్పేస్తారు. ఆకులు పసుపవుతున్నాయని మీరు చెప్పనేలేదు, అది నీళ్లు ఎక్కువై వచ్చిందని వాళ్లకు తెలియనే తెలియదు. మందు వేస్తారు, మొక్క అలాగే ఉంటుంది. మీ ఆలోచనను రెండో వాక్యంలో చెప్పండి, మొదటి వాక్యంలో సమస్య ఉండాలి.

5. పంపాక ఆగండి.
ఒక రోజు పూర్తిగా. జవాబు చెప్పేవాళ్లు తమ పనులు చూసుకుని, తీరిక దొరికినప్పుడు ఉచితంగా చెబుతున్నారు. ఈలోపు అడ్మిన్లను ట్యాగ్ చేయడం, గంటకోసారి "ప్లీజ్ రిప్లై" అనడం, గ్రూపులో పేరున్న ఒకరికి విడిగా మెసేజ్ పెట్టడం, ఇవేవీ చేయకండి.

రోజు గడిచినా ఎవరూ పలకకపోతే అదే ప్రశ్నకు కొత్త వివరం చేర్చి మళ్లీ పెట్టండి. "నిన్న అడిగాను. ఇవాళ మట్టి తవ్వి చూస్తే అడుగున ఇంకా తడిగా ఉంది" అంటే అది గుర్తుచేసినట్టూ ఉంటుంది, జవాబు చెప్పేవాళ్లకు ఆధారమూ దొరుకుతుంది. ఇంకో గ్రూపులో కూడా అడిగి ఉంటే రెండుచోట్లా ఆ సంగతి చెప్పండి. ఒకచోట తేలిపోయిన దానికి ఇంకోచోట ఎవరో గంట శ్రమపడి రాయడం వాళ్లకు అన్యాయం.

6. ఎవరైనా దిద్దితే ఇలా చేయండి.
"ఇది ఇక్కడ అడగకూడదు", "రూల్స్ చదవలేదా?" అని వచ్చిందనుకోండి. ముందుగా ఆ మాటలోని విషయాన్ని, గొంతును వేరు చేసి చూడండి. విషయం నిజమైతే "తెలియలేదండి, సరిచేస్తాను" అని ఒక్క వాక్యం రాసి, నిజంగానే సరిచేయండి. పెద్ద క్షమాపణలు అవసరం లేదు. సంజాయిషీ అసలే అవసరం లేదు.

విషయం నిజమే కానీ గొంతు మరీ దురుసుగా ఉంటే, విషయానికి మాత్రం జవాబిచ్చి వదిలేయండి. చూస్తున్నవాళ్లు చాలామంది ఉంటారు, ఎవరు ఎలా మాట్లాడారో వాళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. తిట్టు, వ్యక్తిగతమైన మాట, బెదిరింపు వస్తే అది వేరు. గ్రూపులో వాదించకుండా స్క్రీన్‌షాట్ తీసి అడ్మిన్‌కు పంపండి. అడ్మినే అలా మాట్లాడితే బయటికి వచ్చేయండి. అలాంటి చోట పడి ఉండాల్సిన పని ఎవరికీ లేదు.

7. ఏమైందో తిరిగి వచ్చి చెప్పండి.
చాలామంది వదిలేసే మెట్టు ఇది. "నీళ్లు రెండు రోజులకోసారి చేశాను, మూడు వారాలకు పసుపు ఆగింది" అని రెండు వాక్యాలు రాయండి. పని చేయకపోతే అదీ రాయండి. ఇకమీదట ఇదే ప్రశ్నతో వచ్చేవాళ్లకు మీ వాక్యమే ఆధారం. జవాబు చెప్పినవాళ్లకు తాము చెప్పింది సరైనదో కాదో తెలిసేది కూడా అప్పుడే. కొత్త సభ్యులు పాతవాళ్ల నమ్మకం గెలుచుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి నాకు తెలియదు.

చాలాకాలంగా ఉన్నవారికి

8. ప్రశ్న పాతదే, అడిగిన మనిషి కొత్త.
1993 ప్రాంతం వరకూ యూజ్‌నెట్ అనే చర్చా వ్యవస్థలో ఏటా సెప్టెంబరులో ఒక తంతు నడిచేది. కాలేజీల్లో కొత్తగా చేరిన విద్యార్థులకు ఇంటర్నెట్ దొరికేది. వాళ్లు వచ్చి తెలిసీ తెలియక రాసేవారు. నెలా రెండు నెలల్లో పద్ధతి నేర్చుకునేవారు. ఆ తర్వాత ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే ఏఓఎల్ వంటి సంస్థల ద్వారా మామూలు జనం ఏడాది పొడవునా రావడం మొదలైంది. ఆ రాకకు "అంతులేని సెప్టెంబరు" అని పాతవాళ్లు పేరు పెట్టారు. ఈరోజు ప్రతి గ్రూపూ ఆ సెప్టెంబరులోనే ఉంది. కొత్తవాళ్లు రావడం ఆగిన రోజు గ్రూపు మూతపడే రోజు దగ్గరికి వచ్చినట్టే.

కాబట్టి "ఇది వందోసారి" అనే లెక్క మీ మనసులోనే ఉంచుకోండి. అవతలి మనిషి అడగడం మొదటిసారి. మిగతా తొంభై తొమ్మిదిసార్లకూ ఆ మనిషికీ సంబంధం లేదు.

9. లింకు ఒక్కటే పెట్టకండి, ఒక వాక్యం జవాబు కలపండి.
"పైన పిన్ చేసింది చూడండి" అంటే మొహం మీద తలుపు వేసినట్టుంటుంది. అదే సమాచారాన్ని ఇలా పంపండి:

"నమస్కారం అండి. కింది ఆకులు పసుపవడానికి చాలాసార్లు నీళ్లు ఎక్కువ కావడమో, నత్రజని తగ్గడమో కారణం. ముందు వేలు రెండు అంగుళాలు మట్టిలో గుచ్చి చూడండి, తడిగా ఉంటే నీళ్లు ఆపండి. దీని గురించి వివరంగా ఈ లింకులో ఉంది. చూశాక సందేహం ఉంటే ఇక్కడే అడగండి."

ముందే నోట్‌లో రాసి ఉంచుకుంటే దీన్ని పంపడానికి అర నిమిషం. చివరి వాక్యం తీసేయకండి. మళ్లీ అడగవచ్చన్న ధైర్యం ఇచ్చేది అదే. జవాబు చెప్పే ఓపిక ఆ రోజు లేకపోతే ఊరుకోండి, ఇంకొకరు చెబుతారు. విసుగుతో చెప్పిన జవాబు కన్నా మౌనమే మేలు.

10. తప్పు దిద్దేటప్పుడు ఒక్కరే, ఒక్కసారే.
కొత్త సభ్యుడు రూల్ తప్పాడు. ఒకరు చెప్పారు. ఆపై ఇంకో ఆరుగురు అదే మాట వేర్వేరుగా చెబితే ఎవరి మాటా తప్పు కాదు, కానీ ఆ మనిషికి ఏడుగురు కలిసి తిట్టినట్టే ఉంటుంది. ఎవరో ఒకరు ఇప్పటికే చెప్పి ఉంటే మీరు రాయకండి.

సమాచారం తప్పైతే అందరి ముందూ దిద్దండి, లేకపోతే మిగతావాళ్లు దాన్నే నమ్ముతారు. ప్రవర్తన తప్పైతే అడ్మిన్ విడిగా చెప్పడం మంచిది. రెండుచోట్లా ఏది తప్పో చెప్పి ఆపకుండా ఎలా చేయాలో కూడా చెప్పండి. "ఇక్కడ ప్రకటనలు పెట్టకూడదు" దగ్గర ఆపేయకుండా, "అమ్మకాలకు ఆదివారం వేరే పోస్టు తెరుస్తాం, అందులో పెట్టండి" అనండి.

కఠినంగా దిద్దితే ఏమవుతుందో వికీపీడియాలో చూశారు. కొత్తవారిని కరవకండి అనే అర్థం వచ్చే మార్గదర్శకం అక్కడ ఉంది. అయినా ఇంగ్లిష్ వికీపీడియాలో చురుగ్గా రాసేవారి సంఖ్య 2007 తర్వాత కొన్నేళ్లపాటు తగ్గుతూ వచ్చింది. మంచి ఉద్దేశంతో కొత్తవాళ్లు చేసిన మార్పులను కూడా వెంటనే తీసేయడం దీనికి ఒక ముఖ్య కారణమని 2013లో వెలువడిన పరిశోధన చెప్పింది. ప్రోగ్రామర్ల ప్రశ్నలకు జవాబులు దొరికే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు కూడా 2018లో తమ దగ్గర కొత్తవారికి ఆదరణ సరిగా లేదని బాహాటంగా ఒప్పుకుంది. అదే ఏడాది కొత్త సభ్యుల ప్రశ్నల పక్కన వాళ్లు కొత్తవాళ్లని తెలిసేలా గుర్తు పెట్టడం మొదలుపెట్టింది. మీ గ్రూపు చిన్నదైనా ఈ పని మీరూ చేయవచ్చు: జవాబు రాసే ముందు ఆ మనిషి ఎప్పుడు చేరాడో ఒకసారి చూడండి.

11. విడిగా మెసేజ్ పెట్టే ముందు గ్రూపులో అడగండి.
ఈ సంగతి గట్టిగా చెబుతున్నాను. వాట్సాప్ గ్రూపులో చేరినవారి ఫోన్ నంబరు మామూలుగా మిగతా సభ్యులకు అందుబాటులో ఉంటుంది. ఆ నంబరు గ్రూపు పనికి ఇచ్చింది. కొత్తగా చేరిన ఆడవాళ్లకు "హాయ్ అండి, సహాయం చేస్తాను" అని విడిగా మెసేజ్‌లు రావడం, దాంతో వాళ్లు ఒక్క మాటా లేకుండా గ్రూపు వదిలి వెళ్లడం చాలాచోట్ల జరుగుతోంది. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు, అది అవతలివారికి తెలిసే దారి లేదు. విడిగా మాట్లాడాల్సిన అవసరం ఉంటే "మీకు అభ్యంతరం లేకపోతే విడిగా మెసేజ్ పెట్టనా?" అని గ్రూపులోనే అడగండి. ఒప్పుకోకపోతే అక్కడితో ఆపండి. అడ్మిన్లు దీన్ని రూల్‌గా రాసి పిన్ చేయాలి.

12. అదే ప్రశ్న పదేపదే వస్తుంటే మీ రూల్స్ పత్రాన్ని సరిచేయండి.
పది మంది ఒకేచోట తడబడితే తప్పు ఆ పది మందిదీ కాదు. పిన్ చేసిన మెసేజ్‌లో అందరికన్నా ఎక్కువగా అడిగే ఐదు ప్రశ్నలకు జవాబులు ఉన్నాయా? అది ఒక ఫోన్ తెర దాటి ఉందా? ఎప్పుడు రాసింది? ముప్పై రూల్స్ ఎవరూ చదవరు, ఏడెనిమిది చాలు. చేరీ చేరగానే కనిపించే స్వాగత మెసేజ్‌లో "ప్రశ్న ఇలా అడగండి" అని ఒక నమూనా పెట్టండి, పైన 4లో ఉన్నట్టుగా.

వెసులుబాటు: కొందరు ఎన్నిసార్లు చెప్పినా చదవరు, ప్రతి చిన్నదానికీ అడుగుతూనే ఉంటారు. వాళ్లకు హద్దు గీయడంలో అమర్యాద ఏమీ లేదు. "ఇప్పటివరకు ఏం చేసి చూశారో చెప్పండి, అక్కడి నుంచి చూద్దాం" అని ప్రతిసారీ అదే వాక్యం పెట్టండి. నేర్చుకోవాలని ఉన్నవాళ్లు చెబుతారు.

తరచూ జరిగే పొరపాట్లు

జవాబు దొరకగానే ప్రశ్నను డిలీట్ చేయడం. ఇది కొత్తవాళ్లు సిగ్గుపడి చేస్తారు. మీ ప్రశ్నతో పాటు ఇంకొకరి శ్రమ కూడా పోతుంది, దయచేసి ఉంచండి.

చేరిన వారంలోనే "మా పాత గ్రూపులో ఇలా కాదు, మీరూ మార్చుకోండి" అనడం. సూచన మంచిదే కావచ్చు. ఆ రూల్ ఎందుకు పెట్టారో ముందు అడిగి తెలుసుకోండి, చాలాసార్లు వెనక ఏదో గొడవ ఉంటుంది.

పాతవాళ్లు తమలో తాము వాడుకునే పొట్టి మాటలు, లోపలి జోకులు కొత్తవారి ప్రశ్న కిందే రాసుకోవడం. అడిగిన మనిషికి తన మీదే నవ్వుతున్నారని అనిపిస్తుంది.

గ్రూపులో ఏడాది, రెండేళ్లు మాత్రమే ఉన్నవాళ్లు అందరికన్నా కటువుగా ఉండటం. తాము ఈమధ్యే నేర్చుకున్న రూల్స్ కాబట్టి వాటి మీద పట్టు ఎక్కువ. అడ్మిన్లు ఇలాంటివారికి కొత్తవారిని పలకరించే బాధ్యత అప్పగిస్తే ఆ ఉత్సాహం పనికొస్తుంది.

తెలియకపోయినా జవాబు చెప్పడం. ఆరోగ్యం, డబ్బు, చట్టం విషయాల్లో ఇది ప్రమాదం. అంచనా అయితే అంచనా అని రాయండి.

సరిగ్గా జరుగుతోందో లేదో ఎలా చూసుకోవాలి

కొత్తవారు: మీ మొదటి ప్రశ్నకు వచ్చిన మొదటి రిప్లై చూడండి. అది ఇంకో ప్రశ్న అయితే ("ఏ మోడల్?", "ఎప్పటి నుంచి?") మీరు ఆ వివరం వదిలేశారన్నమాట. దాన్ని రాసుకుని తర్వాతి ప్రశ్నలో ముందే పెట్టండి. ఒక నెల తర్వాత మీకు తెలిసిన ప్రశ్న గ్రూపులో ఒకటైనా కనిపిస్తుంది. దానికి మీరే జవాబు రాయండి. దాన్ని ఎవరూ పెద్దగా దిద్దకపోతే మీరు కుదురుకున్నట్టే.

పాతవారు, అడ్మిన్లు: గత నెలలో చేరినవారి పేర్లు తీయండి. వాళ్లలో ఎంతమంది ఒక ప్రశ్న అడిగారు, ఎంతమందికి ఒక రోజు లోపల జవాబు వచ్చింది, ఎంతమంది రెండోసారి మాట్లాడారు? మూడో అంకె చాలా తక్కువగా ఉంటే మొదటి జవాబులను బయటికి తీసి చదవండి. కారణం అక్కడే దొరుకుతుంది. గ్రూపు వదిలి వెళ్లిన ఒకరిద్దరిని, మీకు ముందే పరిచయం ఉంటేనే, ఎందుకు వెళ్లారో అడగండి. చెప్పింది వినండి, ఎదురు వాదించకండి. మూడు నెలలకోసారి ఇలా చూసుకుని, పిన్ చేసిన మెసేజ్‌ను ఆ ప్రకారం తిరగరాయండి. తిరగరాసినదాన్ని ఈమధ్యే చేరిన ఒకరికి ముందు చూపించి, ఎక్కడ అర్థం కాలేదో అడిగి తెలుసుకున్నాకే పిన్ చేయండి.